కొబ్బరినూనె గడ్డకట్టే వేళ

డిసెంబరులో ఏదో ఒక పొద్దున కరీంనగర్‌లో మా స్నానాల గది గూట్లోని కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టి కనిపిస్తుంది. ఆదిలాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ ఇంట్లో అది అంతకు ముందే గడ్డకడుతుంది. ఆమె సీసాను పొయ్యి పక్కన పెట్టి కరగనిస్తూ చలిని తిట్టుకుంటుంది. నేనైతే ఆ రోజు కోసం ఎదురుచూస్తాను. కొబ్బరినూనె కరగడానికీ గడ్డకట్టడానికీ హద్దు సుమారు 24 డిగ్రీల సెల్సియస్. సీసా గడ్డకట్టిందంటే గది అంతకన్నా చల్లబడిందన్నమాట. చాక్లెట్‌లో ముంచిన పండు ముక్క ఫ్రిజ్ సాయం లేకుండా ఆరి, కొరికితే టప్పున విరిగేది అంత చల్లని గదిలోనే. థర్మామీటరు లేని వంటింటికి ఆ సీసాయే థర్మామీటరు.

పండ్లను చాక్లెట్‌లో ముంచే ఈ పని నాకు అలవాటైంది చిన్నమ్మ వల్లే. పెళ్లికైనా పండుగకైనా అందరి ముందూ మిఠాయి పళ్లెం తిరుగుతుంటే ఆమె చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. "నాకేం వద్దు బిడ్డా, మీరు తినుండ్రి. పండ్లు తినుమంటరు, తింటే పొద్దంత కడుపుల గుడగుడ. పాలు తాగితె ఉబ్బుతది. ఇగ ఏం తినాలె?" అని అడిగేది. స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ చేయించింది. ఎందులోనూ లోపం కనబడలేదు. చివరికి డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని చెప్పారు. పేగుల్లో పుండు లేదు, గడ్డ లేదు, అయినా పేగు సరిగ్గా నడవదు. నొప్పి మాత్రం నిజం. ఈ జబ్బును గుర్తించడానికి 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గడిచిన మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండడం, విరేచనాల సంఖ్య మారడం, మలం గట్టిదనం మారడం అనే మూడింటిలో కనీసం రెండు తోడు కావాలి. అప్పుడే ఆ పేరు పెడతారు. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చాలామంది దాన్ని 'గ్యాస్' అని ఒక్కమాటలో తేల్చేసి, మాత్ర వేసుకొని, ఒక్కొక్క తిండీ మానేస్తూ పోతారు. అలా మానేసినవాటిలో పండ్లు ముందుంటాయి. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే అన్ని పండ్లూ మానాల్సిన పని లేదు.

చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు రాత్రి రుబ్బిపెట్టిన దోశపిండిలో ఉంది. తెల్లారేసరికి పిండి గిన్నె అంచుదాకా పొంగుతుంది. సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను తిని గ్యాస్ వదలడమే దానికి కారణం. మన పెద్దపేగులోనూ అదే పని జరుగుతుంది. చిన్నపేగులో ఒంటికి పట్టని చక్కెరలు కిందికి జారి పెద్దపేగు చేరగానే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెడుతుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. జారే దారిలోనే ఆ చక్కెరలు నీటిని పేగులోకి లాగుతాయి. ఒకవైపు నీరు, ఒకవైపు గాలి, మధ్యలో సాగిన పేగు. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవాళ్లలో పేగు నరాలు ఆ సాగుడును ఎక్కువగా పసిగడతాయి. మనకు తెలియను కూడా తెలియని ఉబ్బరం వాళ్లకు మెలిపెట్టే నొప్పి అవుతుంది. కాబట్టి "అంత కొంచెం తింటేనే ఇంత నొప్పా?" అని చిన్నమ్మ లాంటివాళ్లను ఎవరూ అనకూడదు.

ఇలా సరిగ్గా ఒంటికి పట్టకుండా పులిసే చక్కెరలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అంటారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. గోధుమలో, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు, పప్పుల్లోని గాలాక్టో ఆలిగోశాకరైడ్లు, పాలలోని లాక్టోజ్, కొన్ని పండ్లలో మోతాదుకు మించి ఉండే ఫ్రక్టోజ్, సార్బిటాల్ లాంటి పాలియాల్స్ అన్నీ ఆ గుంపులోవే. మోనాష్ వాళ్లు ఆహారపదార్థాలను ఒక్కొక్కటిగా ప్రయోగశాలలో కొలిచి, ఏది ఎంతవరకు తినవచ్చో జాబితా కట్టారు. ఆ 'ఎంతవరకు' అన్నదే అసలు సంగతి. ఫలానాది మంచిది, ఫలానాది చెడ్డది అని రెండు గంపల్లో వేసే జాబితా కాదది.

పండ్ల విషయంలో ముఖ్యంగా చూడాల్సింది ఫ్రక్టోజ్‌కూ గ్లూకోజ్‌కూ మధ్య ఉన్న తూకం. ఫ్రక్టోజ్‌ను పేగు గోడ దాటించే వాహకం పేరు గ్లూట్-5. దాని సత్తా మనిషి మనిషికీ తేడా. కానీ పక్కన గ్లూకోజ్ కూడా సరిసమానంగా ఉంటే ఫ్రక్టోజ్ తేలిగ్గా లోపలికి పోతుంది. కష్టమంతా గ్లూకోజ్‌ను మించిపోయిన ఫ్రక్టోజ్‌తోనే. వంద గ్రాముల మామిడిపండులో ఫ్రక్టోజ్ సుమారు 4.7 గ్రాములుంటే, గ్లూకోజ్ 2 గ్రాములే. ఆపిల్‌లో ఫ్రక్టోజ్ 6 గ్రాముల దాకా, గ్లూకోజ్ రెండున్నర లోపు, పైగా సార్బిటాల్ కూడా. బొప్పాయిలో గ్లూకోజ్ 4 గ్రాములు, ఫ్రక్టోజ్ అంతకన్నా కాస్త తక్కువే. సంత్రా తీపిలో సగానికి పైగా మామూలు చక్కెర, అంటే సుక్రోజ్. మిగిలిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఇంచుమించు సమానం. రోగి దగ్గరికి వెళ్లేటప్పుడు మనం సంచిలో వేసుకొని పోయేది ఆపిల్ పండ్లు. చిన్నమ్మ కడుపుకు అన్నిటికన్నా కష్టమైనవాటిలో అదొకటని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఎన్ని ఆపిల్ పండ్లు మోసుకెళ్లానో!

ఇక్కడే మా ఉత్తర తెలంగాణ కాలచక్రం నన్ను ఆశ్చర్యపరుస్తుంది. జగిత్యాల దగ్గర చల్గల్ మామిడి మార్కెట్‌కు ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి కాయలు లారీల కొద్దీ వస్తాయి, ఢిల్లీ దాకా పోతాయి. అప్పుడు మా దగ్గర ఎండ 45 డిగ్రీలు. చాక్లెట్ ఒక్క నిమిషం నిలవదు. అడవిలో తునికిపండ్లు, మొర్రిపండ్లు వచ్చేదీ ఎండలు ముదిరినప్పుడే. అదే చలికాలంలో అయితే నాగపూర్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు జాతీయ రహదారి 44 మీదుగా దిగి సంత్రాలు ఆదిలాబాద్ బండ్ల మీద గుట్టలు పడతాయి. బొప్పాయి ఉంటుంది, జామ ఉంటుంది. కడుపుకు తేలికైన పండ్లు, చాక్లెట్ గట్టిపడే చలి రెండూ ఒకేసారి వస్తాయి. సున్నితమైన పొట్ట ఉన్నవాళ్లకు చాక్లెట్ పండ్లు చేసిపెట్టాలంటే మా దగ్గర డిసెంబరు, జనవరికి మించిన కాలం లేదు.

జామ దగ్గర కొంచెం ఆగాలి. దోరజామకు ఉప్పూకారం అద్దుకొని తినడం మనకు ఇష్టం. కానీ మోనాష్ కొలతల్లో పచ్చిజామలో ఫ్రక్టోజ్ మిగులు ఎక్కువ, బాగా పండినదానిలో తక్కువ. కాబట్టి మెత్తగా పండి వాసన కొట్టే జాంపండు తీసుకోవాలి, గింజలు గట్టివి కనుక వాటిని తీసేయాలి. అరటిది తలకిందులు కథ. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే గ్రాండ్ నైన్ లాంటి కావెండిష్ రకంలో అప్పుడే పసుపు తిరిగి ఇంకా గట్టిగా ఉన్న పండు తేలిక, తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక ఫ్రక్టాన్లు పెరుగుతాయి. "బాగా మగ్గినదే తొందరగా అరుగుతుంది" అన్న మన నమ్మకం ఇలాంటి కడుపులకు చెల్లదు. సీతాఫలం సంగతి చెప్పడానికి మనసొప్పదు. కరీంనగర్ గుట్టల సీతాఫలాలంటే నాకు ప్రాణం, కానీ అది ఫాడ్‌మ్యాప్ ఎక్కువున్న పండ్ల వరుసలోనే ఉంది. ఎలాగూ దాన్ని చాక్లెట్‌లో ముంచలేం.

ఇక చాక్లెట్. పాల చాక్లెట్‌లో పాలపొడి ఉంటుంది. వెన్న తీసిన పాలపొడి బరువులో సగం లాక్టోజే. లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము పసితనంలో అందరికీ పుష్కలంగా ఉండి, పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. దక్షిణాదిలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా పరిస్థితి ఇదే. ఇది జబ్బు కాదు, మన వంశాల్లో వచ్చిన తీరు. పాలు పడనివాళ్లు పెరుగు హాయిగా తినగలగడానికి కారణం, తోడువేసిన సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను మనకంటే ముందే తినేయడం. పాలు కలపని డార్క్ చాక్లెట్‌తో ఈ బెడద ఉండదు. మోనాష్ కొలతల్లో 30 గ్రాముల డార్క్ చాక్లెట్ ఫాడ్‌మ్యాప్ తక్కువ పదార్థమే. నేను ఒక మనిషికి 15 గ్రాములు దాటనివ్వను, ఎందుకంటే చాక్లెట్‌లో కొవ్వు కూడా బాగా ఉంటుంది. కొవ్వు జీర్ణకోశం ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది, కొందరిలో పేగు కదలికలను రెచ్చగొడుతుంది. గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. చాక్లెట్ అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది. అలాంటివాళ్లు రాత్రి పడుకునే ముందు అసలు ముట్టుకోవద్దు, తింటే మధ్యాహ్నం తినాలి.

కొనేటప్పుడు వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. పదార్థాలను బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరుసగా రాస్తారు. మొదటి రెండు పేర్లలో కోకో కనిపించకపోతే అది చాలావరకు చక్కెరా నూనే. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉంటే ఇంకా అనుమానించండి. చక్కెర బదులు మాల్టిటాల్ వేస్తారు. అది పాలియాల్, నేరుగా ఫాడ్‌మ్యాప్ గుంపులోది. పాలియాల్స్ విరేచనకారులు కావచ్చన్న హెచ్చరికను మన దేశంలో పొట్లం మీద అచ్చు వేయాలన్న నియమమే ఉంది. మధుమేహం, ఐబీఎస్ రెండూ ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బేకరీ సామాన్ల దుకాణంలో చవకగా దొరికే 'కాంపౌండ్' అచ్చులో కోకో వెన్న స్థానంలో వేరే కొవ్వు, ఎక్కువగా పామ్ గింజల నూనె నుంచి తీసింది, ఉంటుంది. పని సులువే, కరిగించి ముంచితే చాలు, తనంతట తాను గట్టిపడుతుంది. చాలా రకాల్లో పాలపొడి కూడా కలుపుతారు కనుక డార్క్ అని ఉన్నా చదవకుండా కొనొద్దు.

కోకో మన తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతరపంటగా వేస్తారు. కాయ కోశాక గింజలను తెల్లటి గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి అయిదారు రోజులు పులియబెడతారు. పులియకపోతే ఆ గింజకు చాక్లెట్ వాసనే రాదు. ఏలూరు జిల్లా తడికలపూడి దగ్గర అలా పులిసిన గింజలతో హైదరాబాద్‌లో 'మనం' అనే పేరుతో చాక్లెట్ తయారవుతోంది. వాళ్ల కార్ఖానాను టైమ్ పత్రిక 2024లో ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో చేర్చింది. పొట్టలో మనల్ని వేధించే పులియడమే గోదావరి తోటలో రుచిని పుట్టిస్తోందని తెలిశాక ఆ పని మీద నాకు గౌరవం పెరిగింది.

చేసే విధానానికి వస్తే, ముందు అడ్డుకోవాల్సింది నీటిని. మొదటి ఏడాది నేను సంత్రా తొనలు కడిగి, తడి ఆరకముందే ముంచాను. గిన్నెలోని చాక్లెట్ అంతా రెండు నిమిషాల్లో మట్టిముద్దలా బిగిసిపోయింది. కరిగిన చాక్లెట్ అంటే కొవ్వులో తేలే పొడి చక్కెర, కోకో రేణువులు. ఒక్క చుక్క నీరు పడితే చక్కెర దాన్ని పీల్చుకొని జిగురుగా మారి, రేణువులన్నిటినీ ఒకదానికొకటి అంటిస్తుంది. అలా బిగిస్తే పారేయకండి. నాలుగైదు చెంచాల వేడినీళ్లు ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే మళ్లీ జారుగా అవుతుంది. ముంచడానికి పనికిరాదు కానీ పండు మీద పోసుకొని తినవచ్చు. అందుకే ఇప్పుడు తొనల మీది తెల్లపీచు తీసి, పొర చిరగకుండా విడదీసి, నూలుగుడ్డ మీద పరచి, ఫ్యాను కింద గంటసేపు ఉంచుతాను. ఆ గుడ్డ సంక్రాంతికి సకినాలు చుట్టి ఆరబెట్టే గుడ్డే. బొప్పాయి అయితే గట్టిగా ఉన్నదాన్ని వేలంత ముక్కలు కోసి, గుడ్డతో అద్ది, అరగంట ఆరనివ్వాలి. పండు చల్లగా ఉండకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసినదైతే గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది.

రెండోది స్ఫటికం. కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకట్టగలదని 1966లో విల్లే, లట్టన్ అనే పరిశోధకులు చూపించారు. ఆరింటిలో మనకు కావలసింది అయిదోది. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే చేతిలో గట్టిగా ఉండి, 37 డిగ్రీల నోట్లో పడగానే కరిగిపోతుంది. ఊరికే కరిగించి వదిలేస్తే నాలుగో రకం లాంటి బలహీనమైన స్ఫటికాలు ఏర్పడి, చాక్లెట్ మసకబారి, వేలికి అంటుతూ, నాలుగు రోజుల్లో పైన బూడిదరంగు పూత తేలుతుంది. పెరుగు తోడువేసే పద్ధతే ఇక్కడా మందు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో 150 గ్రాములు సన్నగా తరిగి స్టీలు గిన్నెలో వేసి, పొగలు కక్కే నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించాలి. నీళ్లు మరగకూడదు, గిన్నె అడుగు నీటిని తాకకూడదు, ఆవిరి లోపలికి రాకూడదు. 45, 50 డిగ్రీలు చాలు. దించాక మిగతా 50 గ్రాముల తరుగు వేసి కలుపుతూ ఉండాలి. ఆ తరుగులో అయిదో రకం స్ఫటికాలే ఉంటాయి, తోడులా పనిచేసి కరిగినదంతటినీ తమ దారికి తెస్తాయి. 31, 32 డిగ్రీలకు చేరాక ముంచాలి. థర్మామీటరు లేకపోతే చెంచా కొనతో ఒక చుక్క కింది పెదవికి అద్దుకోండి, లేశమాత్రం చల్లగా అనిపించాలి. కత్తి మొనకు కొంచెం రాసి పక్కన పెడితే అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. గట్టిపడకపోతే ఇంకొంచెం తరుగు వేసి కలపాలి.

తొనను ఒక చివర పట్టుకొని సగం దాకా ముంచి, అంచుకు రుద్ది, బటర్ పేపరు మీద పెట్టేస్తే పని అయిపోయినట్టే. సగమే ముంచమనడం అందం కోసం మాత్రమే కాదు, కొవ్వూ చక్కెరా సగానికి తగ్గుతాయి. పైన జీడిపప్పు, పిస్తా చల్లాలనిపిస్తుంది. ఆ రెండింటిలోనూ గాలాక్టో ఆలిగోశాకరైడ్లు ఎక్కువ, వద్దు. సకినాల కోసం వేయించి పెట్టుకున్న నువ్వులు ఒక చిటికెడు చల్లండి, లేదా పల్లీలు దంచి వేయండి. నాకైతే నువ్వులదే పైచేయి. సంత్రా పులుపు, కోకో చేదు, నువ్వుల కమ్మదనం కలిస్తే వేరే తీపి కావాలనిపించదు. లోపల రసం ఉంటుంది కనుక ఇవి నిలవ ఉండవు, చేసిన రోజే తినేయాలి.

ఎండాకాలంలో ఎవరికైనా చేయాలనిపిస్తే వంద గ్రాముల చాక్లెట్‌కు రెండు చెంచాల కొబ్బరినూనె కలిపి ముంచి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. చన్నీళ్లు తాకగానే నూనె బిగిసినట్టే పైపొర బిగుస్తుంది, బయట పెట్టగానే కారిపోతుంది. తినేదీ ఫ్రిజ్ తలుపు దగ్గరే. మూతబిగువు డబ్బాలో పెట్టకపోతే తేమ పట్టి చక్కెర తెల్లగా పైకి తేలుతుంది.

తినే తీరు గురించి ఒక మాట. ఫాడ్‌మ్యాప్ తగ్గించే పథ్యం జీవితాంతం పాటించేది కాదు. రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, ఆ తర్వాత ఒక్కొక్క గుంపునూ తిరిగి కలుపుకుంటూ ఎవరి కడుపు ఎంత ఓర్చుకుంటుందో తెలుసుకోవాలి, వీలైతే పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో. కనుక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకసారికి ఒకే పండు, భోజనమైన రెండు గంటలకు రెండు ముక్కలు తిని, రెండు రోజులు గమనించాలి. తేడా రాకపోతే మూడో ముక్క. సంత్రా, బొప్పాయి, జామ ఒకే పూట కలిపి తింటే ఏది పడలేదో తేల్చలేం, పైగా విడివిడిగా తేలికైన పండ్లు కూడా గుట్టగా పోగైతే బరువే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మలంలో రక్తం పడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన కడుపు మార్పులు ఉంటే అది వంటింట్లో తేలే విషయం కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నిరుడు చలికాలం చిన్నమ్మ ఇంట్లోనే చేశాను. కొబ్బరినూనె సీసా కిటికీలో రాయిలా ఉంది. ఆమె గుడ్డ మీద తొనలు పరిచింది, నేను ముంచాను. ఆరాక ఒకటి తీసి చాలాసేపు చేతిలో తిప్పుతూ చూసింది. "రెండే గదా?" అని అడిగి, తిని, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ కింద పెన్సిలుతో 'సంత్రా 2' అని రాసుకుంది. మర్నాడు ఫోనులో, కడుపు నిమ్మళంగానే ఉందని చెప్పింది. ఆదివారానికి 'సంత్రా 3' అయింది. సంక్రాంతి దాటేసరికి ఆ క్యాలెండరు గడుల్లో బొప్పాయి చేరింది, జాంపండు ఎదుట ఒక ప్రశ్నార్థకం మిగిలింది. ఈసారి గింజలు తీసేసి మళ్లీ చూస్తానంటోంది.